అదనును పదునును

మన రైతులు సేద్యమును గూర్చి మాటలాడునపుడు రెండు చిన్నమాటలను తరచుగా వాడుచుందురు. ఒకటి అదను, రెండవది పదును. అదను అనగా తగిన కాలము. పదును అనగా విత్తుటకు తగినంత తడి నేలయందుండుట. అదను కార్తెలను లెక్కించినవానికి తెలియును. పదును పిడికెడు మన్ను చేతనెత్తి నలిపి చూచినవానికే తెలియును. ఈ రెండును కలిసినపుడే విత్తనము మొలచి పైరగును. ఒకటి యుండి రెండవది లేనిచో విత్తనము మంటిపాలగును.

ఈ సత్యమును నేను పుస్తకములవలన నేర్చుకొనలేదు. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న దినములలో, ఒక ఏట బడి వెనుకనున్న చిన్న మెట్టచేలో బాలురచేత పెసలు విత్తింపదలచితిని. అందుకొక తేదీని నిర్ణయించి, కాగితముపై వ్రాయించి, గోడకు తగిలించితిని. ఆ తేదీ వచ్చునప్పటికి నేల ఇంకను పొడిగానే యున్నది. బడిలో పనిచేయు వృద్ధుడొకడు నాయొద్దకు వచ్చి, “అయ్యవారూ! నేల ఇంకను తడియలేదు. మంచివాన పడువరకు ఆగుదము” అనెను. నేను వినలేదు. అనుకొన్న దినముననే విత్తించితిని. మరునాడు నాలుగు చినుకులు పడినవి. గింజలు ఉబ్బి మొలకెత్తినవి. పిమ్మట పదిదినములు ఎండ కాసినది. మొలకలన్నియు మాడిపోయినవి. బాలురు చిన్నబోయిన మొగములతో నిలిచిరి. అప్పుడా వృద్ధుడు నన్ను నిందింపక, “తారీఖు మన చేతిది, తడి వాన చేతిది, అయ్యవారూ!” అని మాత్రము పలికెను. ఆ మాట నేనెన్నడును మరువలేదు.

సముద్రములకావల నున్న అమెరికా సంయుక్త రాష్ట్రములలో గూడ అనేకులు ఏటేట ఈ చిక్కునే ఎదుర్కొనుచున్నారు. అయితే వారు విత్తునది తమ కొరకు గాదు, తమ పశువుల కొరకును గాదు. అడవిలోని జింకల కొరకు! ఈ వింత సేద్యమును గూర్చి తెలిసికొందము.

అమెరికాలో విరివిగా కానవచ్చు జింకకు తెల్లతోక జింక యని పేరు. అపాయము తోచగనే అది తోకను నిక్కబొడిచి పరుగెత్తును. అప్పుడు తోక అడుగునగల తెల్లని వెండ్రుకలు జెండావలె కనబడును. మన చుక్కల దుప్పికివలె దీని మగదానికి కొమ్ములు ఏటేట రాలిపోయి మరల మొలచుచుండును. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువైన కృష్ణజింక కొమ్ములట్లు రాలవు.

ఒకప్పుడు అమెరికా అడవులలో ఈ జింకలు లెక్కకు మిక్కిలిగా నుండెడివి. వలస వచ్చిన జనులు అడవులను నరికిరి. మాంసము కొరకును తోళ్ళ కొరకును జింకలను చంపి విక్రయించిరి. 1900 ప్రాంతమునకు దేశమంతటను సుమారు 5 లక్షలు మాత్రమే మిగిలెనని అంచనా. అప్పటికి జనులకు కనువిప్పు కలిగెను. ఆ 1900లోనే, చట్టమునకు విరుద్ధముగా చంపిన జంతువులను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలించుటను నిషేధించుచు శాసనము చేసిరి. 1937లో మరియొక శాసనముచేత తుపాకులపై వచ్చు పన్నును వన్యప్రాణుల రక్షణకు వినియోగించిరి. వేటకు నియమితకాలమును, అనుమతిపత్రమును ఏర్పరచిరి. ఫలితముగా నేడు తెల్లతోక జింకలు సుమారు 3 కోట్లు కలవని చెప్పుదురు.

ఈ జింకకు పరమశత్రువు శీతకాలము. ఉత్తర రాష్ట్రములలో నెలల తరబడి నేల మంచుచే కప్పబడి యుండును. పచ్చిక దొరకదు. కొమ్మల చివుళ్ళను, మొగ్గలను, ఎండు పుల్లలను కొరికి జింక ప్రాణము నిలుపుకొనును. ఆడుజింక నవంబరు ప్రాంతమున గర్భము ధరించి, సుమారు 200 దినములు మోసి, మే చివరనో జూనునందో ఈనును. అనగా ఆ కఠినకాలమంతయు అది కడుపులోని పిల్లను గూడ పోషింపవలసియున్నది. శరత్కాలమున తిని కూడబెట్టుకొన్న క్రొవ్వే దానికి శీతకాలపు ధాన్యాగారము. అందుచేత భూమిగలవారు అడవి అంచున చిన్న చిన్న చేలను దున్ని, శరత్తునాటికి లేతమేత సిద్ధమగునట్లు విత్తుచుందురు. వీరిలో పెక్కుమంది వేటగాండ్రే. జింకలు తమ నేలకు రావలెనను కోరికయు వారికి కలదు. ఈ సంగతిని దాచవలసిన పనిలేదు.

ఆ చేలలో వేయు పైరులు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది ధాన్యజాతి: గోధుమ, ఓట్స్, రై. రెండవది ఆవజాతి: టర్నిప్, ముల్లంగి మొదలగునవి. మూడవది పప్పుజాతి: క్లోవర్ మొదలగునవి. మన దేశమున పశువులకు వేయు బర్సీము క్లోవర్ తెగలోనిదే. ఈ మూడు తెగల స్వభావములు వేరు. ఓట్స్ త్వరగా పెరిగి జింకలకు ప్రీతి కలిగించును గాని, ఉత్తరదేశపు తీవ్రమైన చలికి చచ్చును. రై, గోధుమలు మంచుక్రింద అణగియుండి, వసంతమున మరల చిగిర్చును. ఆవజాతి మొక్కలు చలి సోకినపుడు తమ ఆకులలో చక్కెరను పెంచుకొనును. అందుచేత తొలి మంచు పడిన పిదప వాటి రుచి హెచ్చును.

ఇక ఎప్పుడు విత్తవలెను? దీనికి వారు ముందుకు గాక వెనుకకు లెక్కింతురు. నీరు గడ్డకట్టునంతటి తొలి చలి తమ ప్రాంతమునకు సామాన్యముగా ఏ తేదీకి వచ్చునో, అనేక సంవత్సరముల వాతావరణపు లెక్కలనుండి మొదట తెలిసికొందురు. ఆ తేదీనుండి పైరు ఎదుగుటకు కావలసిన దినములను తీసివేయుదురు. ఒకచోట తొలి మంచు అక్టోబరు 10వ తేదీన పడుననుకొనుడు. టర్నిప్ చక్కగా ఎదుగుటకు 70 దినములు కావలెననుకొన్నచో దానిని ఆగష్టు 1వ తేదీన విత్తవలెను. ఓట్స్‌కు 45 దినములు చాలుననుకొన్నచో ఆగష్టు 26 వరకు ఆగవచ్చును. విద్యార్థులారా! ఈ లెక్కను మీరే కాగితముపై చేసి సరిచూచుకొనుడు.

అమెరికా విశాలమైన దేశము. ఒకచోటి అదను మరియొకచోట పనికిరాదు. ఉత్తరమున మిషిగన్, విస్కాన్సిన్ రాష్ట్రములలో జూలై చివరనుండి సెప్టెంబరు తొలిభాగము వరకు ఈ విత్తులు సాగును. దక్షిణమున జార్జియా, అలబామా రాష్ట్రములలో చలి ఆలస్యముగా వచ్చును గావున సెప్టెంబరు, అక్టోబరు మాసములలో విత్తుదురు. అంతియేకాదు. భూమి వేడెక్కుచున్నందున అనేక ప్రాంతములలో తొలి మంచు పూర్వముకంటె ఆలస్యముగా వచ్చుచున్నది. తాతలనాటి తేదీని కన్నులు మూసికొని నమ్మరాదు.

తొందరపడినచో కలుగు కీడేమి? వేసవి యెండ ఇంకను తగ్గలేదు గనుక మొలకలు వాడిపోవును. నిలిచిన మొక్కలు చలికాలమునకు ముందే ముదిరి గట్టిపడును. దక్షిణ రాష్ట్రములలో మరియొక భయము కలదు. అది కత్తెర పురుగు. ఇది అమెరికా ఖండములలో పుట్టిన పురుగు. మంచునకు తాళజాలదు, వెచ్చని చోట్ల శీతకాలము గడపి, వేసవిలో ఉత్తరమునకు వ్యాపించును. లేత గోధుమ, ఓట్స్ చేలను కొద్దిదినములలోనే నేలమట్టము చేయగలదు. ఈ పురుగే 2018లో మన దేశమున కనబడి, తెలుగు రాష్ట్రముల మొక్కజొన్న చేలకు గూడ బెడదయైనది.

ఆలస్యము చేసినచో కలుగు కీడు వేరు. మొక్క వేరూనకముందే చలి వచ్చును, ఎదుగుదల నిలిచిపోవును. ఆ పిల్లమొక్కలను జింకలు ఒక్క వారములో మేసివేయును. పిమ్మట నెలల తరబడి చేను బోసిగా నుండును. ఇట్టి సమయమున రై ధాన్యమే కొంత ఆదుకొనును. అది చల్లని నేలయందును మొలవగలదు.

తేదీ కుదిరినను పని పూర్తికాలేదు, పదును చూడవలెను. అనుభవశాలులు విత్తుటకు ఒక్క దినమును గాక రెండు మూడు వారముల గడువును ఏర్పరచుకొని, దానిలో మంచివాన కొరకు వేచియుందురు. నేలను ముందుగనే సిద్ధపరచి, మట్టిని పరీక్షింపించి, పులుపు హెచ్చుగానున్నచో సున్నము చల్లి యుంచుదురు. వాన సూచన కనబడగనే విత్తుదురు. సన్నని క్లోవర్, టర్నిప్ గింజలను పైపైననే చల్లి అదుముదురు. గోధుమ, ఓట్స్ గింజలను అంగుళము లోతున వేయుదురు. గడువు నిండవచ్చినను వాన రాకున్నచో పైరునే మార్చుదురు. టర్నిప్‌ను విడిచి రై చల్లుదురు. తేదీకి దాసులు కాక, దానిని తోడుగా గ్రహించుటయే ఇందలి నేర్పు.

ఇంత శ్రమయేల, చలికాలమున ఆకలిగొన్న జింకలకు బస్తాలతో మొక్కజొన్నలు పోయవచ్చును గదా యని మీరడుగవచ్చును. జింక నెమరువేయు జంతువు. దాని కడుపులోని సూక్ష్మజీవులు, అది ఏ ఋతువున ఏ మేత తినుచున్నదో దానికి తగినట్లు క్రమక్రమముగా మారుచుండును. పుల్లలు తినుచున్న జింక ఒక్కసారిగా కడుపునిండ మొక్కజొన్నలు తిన్నచో కడుపులో ఆమ్లము పెరిగి చచ్చిపోవును. నిండు కడుపుతో చచ్చిపడిన జింకలను అచటివారు చూచియున్నారు. పోసినవాడు దయగలవాడే, కాని ఆ దయకు అదను తప్పినది. మరియును మేతకుప్పచుట్టు జింకలు మూతులు కలిపి తినునపుడు రోగములు వ్యాపించును. 1967లో కొలరాడో రాష్ట్రమున తొలుత గుర్తింపబడిన క్షయింపజేయు మెదడు వ్యాధికి నేటివరకు చికిత్స లేదు. అందుచేత పెక్కు రాష్ట్రములలో మేతకుప్పలు పోయుటపై నిషేధములు కలవు.

చేను వేయుటయు సర్వరోగ నివారిణి గాదు. జింకలు మితిమీరినచో అడవిలోని మొలకలన్నియు తినివేయబడి రేపటి చెట్లు లేకుండును. ఆల్డో లియోపోల్డు అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1940 దశాబ్దమున విస్కాన్సిన్ రాష్ట్రములో ఈ హెచ్చరికనే చేసి, జనుల కోపమునకు గురియయ్యెను. అడవియే జింకకు అసలైన చేను. మనుష్యుడు విత్తినది ఒక చేయూత మాత్రమే.

మన రైతులు జూను రెండవ వారమున వచ్చు మృగశిర కార్తె కొరకు ఎదురుచూతురు. మృగశిర యనగా జింక తల. జింకపేరు గల కార్తెలో మనము మనకొరకు విత్తుచున్నాము. దూరదేశమున వారు జింకకొరకు విత్తుచున్నారు. ఇరువురును ఆకాశమువైపు చూచి, వంగి మన్ను నలిపి చూడక తప్పదు. ఇతరులకు చేయు మేలుకును ఇదియే నియమము. మేలు చేయవలెనను తలంపు మంచిదే. అది ఎప్పుడు, ఎట్లు చేయవలెనో తెలిసికొనుట అంతకంటె మంచిది. ఎండిన నేలలో పెసలు పోయించిన నాకు ఈ మాట చెప్పుటకు అర్హత కలదని తలంతును.

ప్రశ్నలు

1. అదనునకును పదునునకును గల భేదమేమి?
2. వృద్ధుడు ప్రధానోపాధ్యాయునితో చెప్పిన మాటలోని భావమును వివరింపుము.
3. తొలి మంచు అక్టోబరు 20వ తేదీన పడు ప్రాంతమున, 60 దినములు కావలసిన పైరును ఎప్పుడు విత్తవలెను?
4. ఆకలిగొన్న జింకకు మొక్కజొన్నలు పోయుట ఏల కీడగును?
5. మీ ఊరి రైతులు ఏ పైరును ఏ కార్తెలో విత్తుదురో విచారించి వ్రాయుము.