విశ్రాంతి గంటలను మింగుతున్న ఫోన్

సమస్య

బిలాస్‌పూర్‌లోని తోర్వా నుంచి ఒక గూడ్స్ లోకో పైలట్ రాసిన లేఖ సారాంశం ఇది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం ప్రాంతం నుంచి తాతగారు వలస వచ్చిన కుటుంబం వారిది. డ్యూటీ దిగి ఇంటికి చేరాక నిద్రపోవలసిన వేళ రీల్స్ చూస్తూ గంటలు గడిచిపోతున్నాయని, పడుకున్నా మనసు వాటిచుట్టూనే తిరుగుతోందని, భార్య మాటలు సగమే చెవికెక్కుతున్నాయని వారు వాపోయారు. డ్యూటీ పిలుపు ఎప్పుడైనా రావచ్చు కనుక ఫోన్ ఆపివేయలేరు. ఊరి బంధువుల మంచిచెడ్డలూ చెవిన పడే కాస్త తెలుగూ అందులోనే ఉన్నాయి కనుక దానిని వదలలేరు.

సలహా

ఈ లేఖలో పిలుపు, బంధుత్వం, వినోదం అనే మూడు వేర్వేరు అవసరాలు ఒకే పరికరంలో కలగలిసిపోయాయి. వదలవలసింది మూడవదానిని మాత్రమే. లేఖకులు తమ మనోబలాన్ని నిందించుకోవడం సరికాదు. వేలు కదిపే కొద్దీ పేజీ ముగియకుండా కొత్త అంశాలు వచ్చిపడే ‘అంతులేని స్క్రోల్’ పద్ధతిని 2006లో డిజైనర్ అజా రాస్కిన్ రూపొందించారు. ముగింపు లేనిచోట ఆగాలన్న ఆలోచన తనంతట తాను పుట్టదు. ఒక పని నుంచి మరో పనికి మారినా మనసులో కొంత భాగం మొదటిదానినే పట్టుకుని ఉండటాన్ని 2009లో పరిశోధకురాలు సోఫీ లెరాయ్ ‘అవధాన శేషం’ అనదగిన భావనగా వివరించారు. ప్రతి సిగ్నల్ రంగునూ లోకో పైలట్, అసిస్టెంట్ ఒకరికొకరు బిగ్గరగా పలికి నిర్ధారించుకునే ఉద్యోగంలో నిద్ర చాలని కళ్లు, చెదిరిన ధ్యాస ఎంత ప్రమాదకరమో వారికి వేరే చెప్పనక్కరలేదు.

కనుక డ్యూటీ సిమ్‌ను సాధారణ కీప్యాడ్ ఫోన్‌లో వేసి దానిని తలగడ దగ్గర ఉంచుకుని, స్మార్ట్‌ఫోన్‌ను పడకగది బయట పెట్టడం మొదటి అడుగు. రీల్స్ చూపే యాప్‌లను నాలుగు వారాలపాటు తొలగించాలి. 2018లో అమెరికాలో ఆర్థికవేత్త హంట్ ఆల్‌కాట్ బృందం ఫేస్‌బుక్‌ను నాలుగు వారాలు మాన్పించినప్పుడు, మానినవారికి రోజుకు సగటున గంట మిగిలింది, వారి మనస్థితి కొంత మెరుగుపడింది. వార్తల పరిజ్ఞానం మాత్రం తగ్గింది. ఆ లోటును ఒక పత్రికతో పూరించుకోవచ్చు.

తెలుగు దూరమవుతుందన్న భయం న్యాయమైనదే, దానిని తేలికగా కొట్టివేయరాదు. అయితే బంధువుల గ్రూపులో వచ్చే శుభోదయం బొమ్మలకన్నా, వారానికొకసారి అక్కకో మేనమామకో ఫోన్ చేసి తీరిగ్గా మాట్లాడే తెలుగు ఎంతో గట్టిది. ఇంట్లో పిల్లలతో హిందీకి మారకుండా నడిపే సంభాషణ అంతకన్నా గట్టిది.

నాలుగు వారాల తరువాత కూడా నిద్ర కుదుటపడకపోతే, దీనిని సిగ్గుపడే విషయంగా దాచక రైల్వే ఆసుపత్రి వైద్యులకు చెప్పాలి. మితిమీరిన ఫోన్ వాడకం వంటి ఇబ్బందులకోసమే బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2014లో ప్రత్యేక క్లినిక్‌ను ప్రారంభించింది.