తప్పు చేసిన సభ్యుణ్ని దండించే పద్ధతి

పెద్దముడియం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు మండలాల్లో పంచాయతీ శాఖ ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ని. సర్పంచుల మీద వచ్చే అర్జీలు, విచారణలు, సంజాయిషీలు నా పనిలో పెద్ద భాగం. అందుకే అసెంబ్లీ తన సభ్యుల మీద చర్య తీసుకున్న ప్రతిసారీ అక్కడ విచారణ ఎట్లా జరిగిందా అని చూస్తాను. ఈ మధ్య మా ఊరి పిల్లలు కొందరు, ‘సభకు పోని ఎమ్మెల్యేలను, సభలో రచ్చ చేసే ఎమ్మెల్యేలను పీకి పారేయచ్చు కదా పెద్దాయనా’ అని అడిగారు. వాళ్ల కోపం న్యాయమైందే. వాళ్లకు చెప్పిన మాటలే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

1. తప్పు కళ్లకు కనబడుతున్నా నోటీసు ఇవ్వాల్సిందే.

తవ్వని మురుగుకాలువకు బిల్లు ఎత్తుకున్నారని ఒక మహిళా సర్పంచి మీద అర్జీ వచ్చింది. ఆ వీధిలో కాలువ లేదని గుడ్డివాడికైనా తెలుస్తుంది. ఎం.బుక్కులో, అంటే పనుల కొలతల పుస్తకంలో, మాత్రం కొలతలున్నాయి, చెక్కు మీద ఆమె సంతకముంది. ‘ఇంకా విచారణ ఎందుకు సార్, తీసేయండి’ అని ఊరంతా అన్నారు. నోటీసు తీసుకొని ఇంటికి పోతే ఆమె భర్త అరుగు మీదనే చెయ్యి చాచాడు. ‘నాకియ్యండి సార్, ఆమెకు నేను చెప్తాలే.’ ‘కాదన్నా, ఆమె చేతికే ఇయ్యాల, ఆమే సంతకం పెట్టాల’ అన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ‘దీంట్లో ఏముంది సార్, చదివి చెప్పండి’ అంది. చదివాను. కాలువ పేరు, మొత్తం, తేదీ అన్నీ విని, భర్త వైపు చూసి, ‘సంతకం నాదే సార్. నేను పెట్టినప్పుడు ఆ చెక్కులో అంకెలు లేవు’ అంది.

విచారణలోనూ అదే మాట చెప్పింది. అంకెలు ఎవరు వేశారు, లేని కాలువను ఎవరు కొలిచారు అన్న ప్రశ్నలు అక్కడినుంచి మొదలైనాయి. ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టినందుకు ఆమె బాధ్యత ఆమెకు ఉంది. కానీ వినకుండా తీసేసి ఉంటే పోయేది ఆమె పదవి ఒక్కటే. డబ్బు మింగినవాళ్లు ఇంకో సంతకం వెతుక్కునేవాళ్లు. 1994 పంచాయతీరాజ్ చట్టం 249వ సెక్షను సర్పంచిని తొలగించే అధికారం కలెక్టరుకు ఇస్తూనే, ముందు సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలన్నది. అది నిందితుడి మీద దయ అనుకునేవాళ్లు చాలామంది. నా దృష్టిలో అది ఊరికోసం పెట్టిన నియమం.

2. శిక్ష రూలు దాటితే మాట తప్పు మీదినుంచి శిక్ష మీదికి మళ్లుతుంది.

2015 డిసెంబరు 18న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ నగరి ఎమ్మెల్యే రోజాను ఏడాదిపాటు సస్పెండు చేసింది. అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ వ్యవహారం మీద సభ అట్టుడుకుతున్న రోజులు. ఆమె ముఖ్యమంత్రిని అనరాని మాటలన్నదని అభియోగం. తీర్మానం పెట్టడం, ఆమోదించడం ఆనాడే అయిపోయింది. దానికి చూపించిన 340వ రూలు ప్రకారం ఆ సమావేశాలు ముగిసేదాకా మాత్రమే సస్పెండు చేయవచ్చు. సభకు రాజ్యాంగం ఇచ్చిన సొంత అధికారం ఉందని ప్రభుత్వం వాదించింది. 2016 మార్చిలో హైకోర్టు సింగిల్ జడ్జి ఆ సస్పెన్షన్‌ను నిలిపేస్తే, ఆ ఉత్తర్వు పట్టుకొని వచ్చిన ఆమెను అసెంబ్లీ గేటు దగ్గరే ఆపేశారు. కొద్దిరోజులకే డివిజన్ బెంచి ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఇన్ని మలుపుల్లో ఆమె సభలో ఏమన్నది, అది ఎంత తప్పు అన్న చర్చ యాడికి పోయిందో ఎవరికీ గుర్తులేదు. గేటు దగ్గరి దృశ్యం మాత్రం అందరికీ గుర్తుంది.

మహారాష్ట్రలో 2021 జులైలో 12 మంది బీజేపీ ఎమ్మెల్యేలను ఇట్లాగే ఏడాది సస్పెండు చేస్తే, 2022 జనవరి 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. సమావేశాల కాలం దాటిన సస్పెన్షన్ చెల్లదని, అది బహిష్కరణ కంటే ఘోరమని చెప్పింది. బహిష్కరిస్తే సీటు ఖాళీ అయి ఆరునెలల్లో ఉప ఎన్నిక వస్తుంది. సస్పెండైతే సీటు ఖాళీ కాదు, ఆ నియోజకవర్గానికి సభలో నోరూ ఉండదు. నోరు పారేసుకున్నది ఒకరైతే నోరు మూతపడేది లక్షలమందికి.

3. సాక్ష్యం దాచిన శిక్ష నిలబడదు.

2018 మార్చి 12న తెలంగాణలో గవర్నరు ప్రసంగం జరుగుతుండగా హెడ్‌ఫోన్ విసిరారని, అది మండలి ఛైర్మన్ స్వామిగౌడ్ కంటికి తగిలిందని గొడవ. మర్నాడే కాంగ్రెస్ ఎమ్మెల్యేలు కోమటిరెడ్డి వెంకటరెడ్డి, సంపత్‌కుమార్‌ల సభ్యత్వాలు రద్దు. సభలో వస్తువులు విసరడం చిన్న తప్పని నేననను. కానీ వాళ్లను వినలేదు. వీడియో ఫుటేజీ కోర్టు అడిగినా ముందుకు రాలేదు. ఏప్రిల్ 17న హైకోర్టు ఆ రద్దును కొట్టేసింది. ఒక్క రోజులో ముగించిన పని నెల దాటగానే నీరుగారింది.

4. ఆలస్యం కూడా ఒక తీర్పే.

ఇది మా నియోజకవర్గం కథ, అందుకే కాస్త ఎక్కువ చెప్తాను. పెద్దముడియం మండలం జమ్మలమడుగు నియోజకవర్గంలోది. 2014లో ఇక్కడ ఆదినారాయణరెడ్డి వైఎస్సార్ కాంగ్రెస్ గుర్తు మీద గెలిచారు. 2016 ఫిబ్రవరిలో తెలుగుదేశంలో చేరారు. 2017 ఏప్రిల్‌లో మంత్రి అయ్యారు. ఆయనొక్కరే కాదు, అట్లా మొత్తం 23 మంది వెళ్లారు, నలుగురు మంత్రులయ్యారు. 1985లో రాజ్యాంగంలో చేర్చిన పదో షెడ్యూలు, పార్టీ వదిలిన సభ్యుడి సభ్యత్వం పోతుందని చెప్తుంది. తేల్చాల్సింది స్పీకరు. ఫిర్యాదులు వెళ్లాయి. 2019లో సభ కాలం ముగిసేదాకా తేలలేదు.

రోజా సస్పెన్షన్ నాటి స్పీకరు, ఈ ఫిర్యాదులు అందుకున్న స్పీకరు ఒక్కరే, కోడెల శివప్రసాదరావు. రెండింటికీ మధ్య దూరం రెండు నెలలు. మొదటిది ఒక్కరోజులో తేలింది, రెండోది మూడేళ్లకూ తేలలేదు. సభకు వేగం చేతకాక కాదు, ఎవరి మీద వేగం చూపాలో ముందే తెలుసు కాబట్టి. మా పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. తొందరపాటు శిక్షను తప్పుపట్టేవాడు ఈ సాగదీతను కూడా అంతే గట్టిగా తప్పుపట్టాలి. ఒకదాన్ని వదిలి ఇంకోదాన్ని పట్టుకునేవాడికి పార్టీ ఉంది, న్యాయం లేదు.

5. జెండా మారినా ఆలస్యం మారలేదు.

2019 తర్వాత కుర్చీలు తారుమారైనాయి. తెలుగుదేశం గుర్తు మీద గెలిచిన నలుగురు 2019-20లోనే అధికారపక్షం వైపు వెళ్లారు. వాళ్ల మీద అనర్హత వేటు పడింది 2024 ఫిబ్రవరిలో, ఎన్నికల ముంగిట. 2023 ఎమ్మెల్సీ ఎన్నికల తర్వాత వైఎస్సార్ కాంగ్రెస్ వెలివేసిన నలుగురిని కూడా అప్పుడే కలిపి తీసేశారు. అప్పటికి సభకు మిగిలిన పనే లేదు.

మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు 2020 జనవరిలోనే ఇట్లాంటి ఫిర్యాదులు మామూలుగా మూడు నెలల్లో తేల్చాలంది. ఈ అధికారం స్పీకరు చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు ఇచ్చే విషయం పార్లమెంటు ఆలోచించాలని కూడా అంది. 2025 జులై 31న తెలంగాణ పదిమంది ఎమ్మెల్యేల కేసులో మళ్లీ మూడు నెలల గడువు పెట్టాల్సి వచ్చింది. ట్రిబ్యునల్ రావాల్సిందేనని నా అభిప్రాయం. సర్పంచిని ఇంకో సర్పంచి విచారించడు. ఎమ్మెల్యేను మాత్రం అతని వల్ల లాభపడిన పార్టీ మనిషే ఎందుకు విచారించాలి?

6. సభ తలుచుకుంటే సరిగ్గా చేయగలదు.

1951లో ముద్గల్ అనే కాంగ్రెస్ ఎంపీ బొంబాయి బంగారం, వెండి వర్తకుల సంఘం దగ్గర డబ్బు తీసుకొని పార్లమెంటులో వాళ్ల పని చేసిపెట్టారని ఆరోపణ. కమిటీ వేశారు. ఆయన్ను వకీలుతో సహా రానిచ్చి విన్నారు. నివేదిక వచ్చాక సొంత పార్టీ సభ్యుడి మీద నెహ్రూ తానే తీర్మానం పెట్టారు. ముద్గల్ రాజీనామా చేసినా, అతని నడవడి సభకు తగదని సభ రాసిపెట్టింది. 2005 డిసెంబరులో ప్రశ్నలకు లంచం తీసుకున్న 11 మంది ఎంపీలను తీసేసినప్పుడు కూడా వీడియోలు చూసి, కమిటీలు నివేదికలిచ్చాక రెండు వారాల్లోపే ముగించారు. 2007 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. వేగమూ విచారణా కలిసి నడవవనేవాళ్లకు ఇది చూపిస్తాను.

7. ఓటు మీద అన్నీ వదిలేయకూడదు.

ఆదినారాయణరెడ్డి 2024లో బీజేపీ అభ్యర్థిగా జమ్మలమడుగులోనే మళ్లీ గెలిచారు. రోజా 2019లో గెలిచి మంత్రి అయ్యారు, 2024లో ఓడారు. కోర్టు నిలబెట్టిన వెంకటరెడ్డిని 2018 డిసెంబరులో నల్గొండ ఓడించింది, తర్వాత మళ్లీ గెలిపించింది. జనం ఓటేసేటప్పుడు నీళ్లు, కులం, పింఛను, పార్టీ, అభ్యర్థి మనిషితనం అన్నీ చూస్తారు. పాత తప్పుకు తీర్పు చెప్పడానికని ఎవరూ పోలింగ్ బూత్‌కు పోరు. అది సభ చేయాల్సిన పని.

8. ఇక పిల్లలు అడిగిన గైరుహాజరు సంగతి.

2024 తర్వాత పులివెందుల ఎమ్మెల్యే జగన్, ఆయన పార్టీవాళ్లు మొత్తం 11 మంది సభకు దాదాపు దూరంగానే ఉన్నారు. ప్రతిపక్ష హోదా ఇవ్వలేదన్నది వాళ్ల కారణం. 2021 నవంబరులో చంద్రబాబు ముఖ్యమంత్రిగానే తిరిగొస్తానని సభ విడిచిపోయారు. 2017 నవంబరు నుంచి అప్పటి ప్రతిపక్షం వైఎస్సార్ కాంగ్రెస్ మొత్తం సభను బహిష్కరించింది. 190వ అధికరణం ప్రకారం అనుమతి లేకుండా 60 రోజులు రాని సభ్యుడి సీటు ఖాళీ అయిందని సభ ప్రకటించవచ్చు. అయితే సమావేశాలు ముగిసిన కాలం, వరసగా నాలుగు రోజులకు మించి వాయిదా పడిన కాలం ఆ లెక్కలోకి రావు. ఏడాదికి కొద్దిరోజులే కూర్చునే సభలో 60 రోజులు నిండాలంటే ఎంతకాలం పడుతుందో వేళ్ల మీద లెక్కపెట్టుకోండన్నాను. సీటు ఖాళీ చేయాలా వద్దా అనేది తర్వాతి సంగతి. ముందు సభను ఎక్కువ రోజులు నడపమని మన ఎమ్మెల్యేను అడగండి, ఆయన హాజరు పట్టీ ప్రతి సమావేశం తర్వాత మండలాఫీసు బోర్డు మీద అంటించమనండి. మా పిల్లలు ఇప్పుడు ఆ అర్జీ రాసుకుంటున్నారు, తప్పొప్పులు దిద్దమని నా దగ్గరికే తెచ్చారు.