వేలములో కళావస్తువులను కొనుట

మన గ్రామములందు చెఱువులోని చేపలను, చింతతోపులోని కాయలను వేలము వేయుట మన విద్యార్థులలో ననేకులు చూచియే యుందురు. మొదట సర్కారువారి పాట. పిమ్మట నొకరిపై నొకరు హెచ్చుపాట. తుదకు “ఒకటవసారి, రెండవసారి, మూడవసారి” యని కొట్టివేయుట. చిత్రపటములు, విగ్రహములు, నగలు, పింగాణి పాత్రలు మొదలగువానిని వేలము వేయు పద్ధతియు నిదియే. లండను నగరమున 1744లో మొదలైన సోద్‌బీస్, 1766లో మొదలైన క్రిస్టీస్ అను సంస్థలు నేటికిని ఈ వ్యాపారమును సాగించుచున్నవి. అచ్చట మూడవసారికి బదులు చిన్న కొయ్యసుత్తి దెబ్బ వినబడును.

అయినను ఒక గొప్ప భేదము గలదు. చేపలకు తూకమున్నది, చింతపండునకు బజారు ధర యున్నది. కళావస్తువునకు తూకము లేదు, బజారు ధర లేదు. మఱి దాని వెలను నిర్ణయించు వారెవరు? ఈ సంగతిని బోధించుటకై మేము తరగతిలో నొక చిన్న ప్రయోగము చేసితిమి. ఒక్కొక్క విద్యార్థికి 50 చింతగింజలిచ్చి, బల్లపై నొక కొండపల్లి బొమ్మ నుంచి, దాని కెన్ని గింజలు చెల్లింపవచ్చునో చీటిపై వ్రాయుమంటిమి. ఎవరును 20కి మించి వ్రాయలేదు. పిమ్మట వేలము మొదలుపెట్టగా, ఇద్దఱు బాలురు పంతమునకు దిగి పాటను 47 గింజలవఱకు లాగిరి. గెలిచినవానిని కారణ మడుగగా, “అయ్యా, నాకు బొమ్మమీద ఆశలేదు, అది వానికి దక్కరాదని పాడితిని” అని బదులు చెప్పెను. తరగతియంతయు నవ్వినది. కాని యా బాలుడు చెప్పిన మాట పెద్దల వేలములకును వర్తించును. తుదివఱకు నిలిచిన యిద్దఱి కోరికయే అచ్చటి వెల. అది వస్తువుయొక్క విలువ కాదు.

కావున వేలమునకు బోవువానికి మూడు కావలివాండ్రు వలయును. వారిలో మొదటిది కన్ను. వేలమునకు ముందు కొన్ని దినములు వస్తువులను చూచుటకు అవకాశ మిత్తురు. అప్పుడు వస్తువును వెలుతురున ద్రిప్పి చూడవలెను. పగుళ్లు, అతుకులు, క్రొత్తగా బూసిన రంగులు గుర్తింపవలెను. జాబితాలో వ్రాసినదానిని ప్రతి మాటయు చదువవలెను. దీనికి లోకప్రసిద్ధమైన దృష్టాంత మొకటి గలదు. క్రీస్తును లోకరక్షకునిగా చూపు ఒక చిత్రము, వాల్‌నట్ చెక్కపై వ్రాయబడినది, 1958లో లండనునందు 45 పౌనులకు అమ్ముడుపోయెను. దానిపై తరువాతివారు పూసిన రంగులు మూలచిత్రమును కప్పియుండెను. 2005లో అమెరికాలోని న్యూ ఆర్లియన్సు వేలమున దానిని కొన్నవా రా రంగుల క్రింద ఏమున్నదో పరీక్షించి బాగుచేయించిరి. అది లియొనార్డో డా విన్చి చేతిపని యని పలువురు నిపుణులు తలచిరి. 2017 నవంబరు 15న న్యూయార్కులో నదే చెక్క 45 కోట్ల డాలర్లకు పైగా పలికెను. అయితే అది పూర్తిగా లియొనార్డో చేతిదేయా యని పండితులు నేటికిని వాదించుచున్నారు. వెల పెరిగినంత మాత్రమున సందేహము తీరలేదని గమనింపుడు.

రెండవ కావలి లెక్క. పై చిత్రమునకు సుత్తి పడినది 40 కోట్ల డాలర్లవద్ద. మిగిలిన 5 కోట్లకు పైగా వేలమువేసిన సంస్థకు కొనువాడు చెల్లించు రుసుము. ఈ రుసుము తఱచు నూటికి ఇరువదికి పైబడి యుండును. అనగా 1,000 రూపాయలకు పాడినవాడు, రుసుము నూటికి 25 అయినచో, 1,250 చెల్లింపవలెను. రవాణాయు పన్నులును వేఱు. అందుచేత ఇంటివద్దనే యన్నిటిని కలిపి లెక్కవేసి, తన హద్దును కాగితముపై వ్రాసికొని, పాట యా హద్దు దాటిన క్షణముననే చేయి దింపవలెను. మా తరగతి బాలుడు వ్రాసిన చీటి వాని జేబులోనే యుండెను; కాని పంతము వచ్చినప్పుడు దానిని తీసి చూడలేదు.

మూడవ కావలి మనస్సాక్షి. “ఇది యెక్కడనుండి వచ్చినది?” అని యడుగక కొనరాదు. అంగడియైనను వేలమైనను ఈ ప్రశ్న యొకటే. గుండ్లకమ్మ యొడ్డున గల చందవరము బౌద్ధక్షేత్రమునుండి దొంగలపాలైన యొక శిల్పఫలకమును ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాలవారు 2005లో న్యూయార్కు వర్తకురాలివద్ద కొనిరి. నిజము తెలిసిన పిమ్మట 2016లో దానిని భారతదేశమునకు తిరిగి యిచ్చిరి. మన దేశమున 1972లో చేయబడిన చట్టము ప్రకారము, నూఱేండ్లు నిండిన విగ్రహాదులను ప్రైవేటువారు విదేశములకు పంపరాదు.

దొంగిలింపబడని వస్తువులలోను అమ్మదగనివి గలవు. 1898లో నేపాలు సరిహద్దు చేరువనున్న పిప్రహ్వా స్తూపమును, ఆ భూమి నేలుచుండిన విలియం పెప్పే అను ఆంగ్లేయుడు త్రవ్వించెను. బుద్ధునివని తలపబడు అస్థికలతో గూడ రత్నములు, బంగారు రేకులు బయల్పడెను. అందు అధికభాగము కలకత్తా మ్యూజియమునకు చేరెను. కొంత పెప్పే కుటుంబముననే నిలిచెను. ఆ భాగము 2025 మే 7న హాంకాంగులో వేలమునకు రానుండగా, భారత ప్రభుత్వ మభ్యంతరము చెప్పెను, వేలము నిలిచిపోయెను. తుదకు బొంబాయిలోని గోద్రెజ్ వ్యాపారవర్గమువారు వానిని కొనగా, జూలై 30న అవి స్వదేశమునకు వచ్చినవి. పూజనీయమైన దానికి వెలకట్టవచ్చునా యని అప్పుడు పలుదేశములవా రడిగిరి. ఆ ప్రశ్నకు సుత్తి యుత్తరము చెప్పలేదు.

ప్రియ విద్యార్థులారా! మీలో లక్షలు పాడువారు కొందఱే యుందురు. కాని సంతలోనో పాతసామానుల దుకాణములోనో ఇత్తడి చెంబు నొకదానిని బేరమాడని వారుండరు. అప్పుడైనను మొదట చూడుడు, పిమ్మట లెక్కవేయుడు, తుదకు “ఇది యెవరిది?” అని యడుగుడు. ఈ మూడును చేసినపిమ్మట ఉత్తచేతులతో ఇంటికి వచ్చినను మీరు నష్టపోయినవారు కారు.