ఎవరి చేతి రొట్టె?

వేదపాఠము: 1 రాజులు 17:8–16, యోహాను 6:5–13

ఆనాటి పాలస్తీనాలో గోధుమలు కలవారి తిండి, యవలు లేనివారి తిండి. 2 రాజులు 7వ అధ్యాయములో షోమ్రోను గుమ్మమున పలికిన ధరలు చూడుడి: ఒక మానిక సన్నని గోధుమపిండికి ఇచ్చు వెలకే రెండు మానికల యవలు వచ్చును. అయిదు రొట్టెల అద్భుతమును నలుగురు సువార్తికులును వ్రాసిరి గాని, అవి యవల రొట్టెలని చెప్పినవాడు యోహాను ఒక్కడే. ఆ చిన్నవాడు తెచ్చినది బీదవాని సద్దిమూట అని దీనివలన మనకు తెలియుచున్నది.

మన అనంతపురము సీమలో ఆ యవల స్థానము జొన్నది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూచు ఈ మెట్టనేల మన పెద్దలకు వరి నియ్యలేదు; జొన్న, కొర్ర, సజ్జ, రాగి ఇచ్చినది. తరువాత చేలన్నిటిని వేరుశెనగ ఆక్రమించినది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యము వచ్చినది. ఆకలి తీర్చిన ఆ బియ్యమును మేము నిందింపము. అయితే దానితోపాటు జొన్న రొట్టె పేదరికపు గుర్తు అను సిగ్గు కూడ ఇండ్లలో ప్రవేశించినది. పాస్టరుగారు వచ్చిరనగానే రొట్టెల బుట్టను చాటు చేసి, ఎసరు పెట్టు తల్లులను మేమెరుగుదుము. (ఇప్పుడు పట్టణములలో చక్కెర జబ్బువారు అదే రొట్టెను హోటళ్ళలో వెల పెట్టి కొని తినుచున్నారు!) ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించినది. యెహెజ్కేలు ప్రవక్త తినవలసిన రొట్టెలో సజ్జలు ఉన్నవని 4వ అధ్యాయము అంతకుముందెప్పుడో చెప్పియున్నది.

ఈ రొట్టె చేయుట మన పిల్లలలో అనేకులకు చేతకాదు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము. గోధుమపిండిలో జిగురున్నది, అది సాగును, పులిసినప్పుడు పుట్టు గాలిని పట్టియుంచి పొంగును. జొన్నపిండిలో ఆ జిగురు లేదు. చన్నీళ్ళతో కలిపితే ముద్ద పగులును. కావున ఒక గ్లాసు నీళ్ళను చిటికెడు ఉప్పు వేసి మరిగించి దించి, ఒక గ్లాసు పిండి పోసి గరిటె కాడతో కలిపి మూత పెట్టవలెను. పిండి క్రొత్తగా ఆడించినదై యుండవలెను. నిలువయున్న పిండి రొట్టె విరుగును, చేదెక్కును. చేయి పట్టగలిగినంత వేడి యుండగానే అరచేతితో బాగుగా మర్దించవలెను. ఇక్కడ ఓపిక తప్పినచో తరువాత ఏమి చేసినను లాభము లేదు. పీటమీద పొడిపిండి చల్లి, ముద్దను తట్టుచు త్రిప్పుచు పలుచన చేయవలెను. అంచు చీలినచో తడిచేతితో అదుమవలెను. కాగిన పెనముమీద పొడిపిండి అంటిన వైపు పైకుండునట్లు వేసి, తడిగుడ్డతో పైన తుడిచి, ఆ తడి ఆరగానే త్రిప్పవలెను. రెండు వైపులను కాలిన తరువాత నిప్పులమీద ఒక్క క్షణము పెట్టగా రొట్టె బూరెవలె పొంగును. అది పులిసిన పొంగు కాదు, లోపలి నీటి ఆవిరి.

ఐగుప్తునుండి తొందరగా బయలుదేరిన జనులు పిండి పులియకమునుపే కాల్చుకొనిరని నిర్గమ 12:39లో చదువుచున్నాము. మన జొన్న రొట్టె ఎప్పుడును పులియని రొట్టెయే. బల్లమీద పులిసిన రొట్టె తగునా, పులియనిది తగునా అని తూర్పు పడమటి సంఘములు 1054 నాటికి గొప్ప తగవు పడెను. ఆ తగవు మన ఊళ్ళకు అక్కరలేదు. మన తగవు వేరు.

అనేక గ్రామములలో ప్రభుబల్లకు పట్టణపు బేకరీ బ్రెడ్డు తెచ్చుచున్నారు. మెత్తన, తెలుపు, కోయుట సులభము అందురు. ఇంటిలోనే కాల్చి తెండని మేము అడిగినప్పుడు, “ఎవరింట కాల్చవలెను అయ్యగారూ?” అని ఒక పెద్ద మెల్లగా అడిగెను. ఆ ప్రశ్నలోనే సంగతి యంతయు ఉన్నది. బేకరీలో పిండి పిసికిన చెయ్యి ఏ పేటదో ఎవరును అడుగరు. ఇంటి రొట్టె అయితే ఆ చేతికి పేరున్నది, పేటయున్నది, కులమున్నది. బాప్తిస్మము పొంది మూడు తరములైన వారును “ఆ యింటి రొట్టె మాకు వద్దు” అనుచున్నారు.

ఏలీయాను చూడుడి. దేశములో వాన లేదు. దేవుడతనిని పంపినది సీదోను దేశపు సారెపతుకు. అతనిని చంపజూచిన యెజెబెలు పుట్టినది ఆ దేశముననే. అక్కడ అన్యురాలైన విధవ చేతి రొట్టెను, చివరి పిడికెడు పిండితో చేసినదానిని, ప్రవక్త అడిగి తినెను. కాకులు తెచ్చినది తిన్నవాడు ఆమె చేతిదానికి వెనుదీయలేదు. ప్రభువు నజరేతు సమాజమందిరములో ఈ సంగతి జ్ఞాపకము చేయగా, విన్నవారు ఆయనను కొండ కొననుండి పడద్రోయ చూచిరని లూకా 4వ అధ్యాయము చెప్పుచున్నది. ఒక పరదేశి స్త్రీ ఇంటి రొట్టె మాట అంత కోపము పుట్టించినది!

ధాత కరువని పెద్దలు చెప్పుకొను 1876–78 నాటి కరువును ఈ సీమ ఎరుగును. మన తాతలు ఎవరి పొయ్యిమీది గంజితో బ్రదికిరో ఎవరు చెప్పగలరు?

గోధుమ రొట్టె కానిది బల్లకు చెల్లునా అని అడుగువారున్నారు. 1982లో పెరూ దేశపు లీమాలో ప్రపంచ సంఘముల సభ వారి విశ్వాస విచారణ సంఘము ఆమోదించిన పత్రములో, రొట్టె ద్రాక్షారసములు వాడుకలో లేనిచోట్ల ఆ దేశపు ఆహారమే మేలని కొందరు తలంచుచున్నారనియు, దీనిని ఇంకను విచారింపవలెననియు వ్రాసిరి. ఈ విషయమై మనస్సాక్షి కలతపడువారు గోధుమపిండినే నీటితో పిసికి, పులియకుండ పెనముమీద కాల్చవచ్చును. ఏ పిండి అనుదానికంటె ఏ యిల్లు అనునదే మాకు ముఖ్యము.

మా సంఘములో ఇప్పుడు ఇంటింటికి వంతు. వంతు వచ్చిన తల్లి ఆదివారము తెల్లవారుజామున కాల్చి, నీళ్ళు పిండిన గుడ్డలో చుట్టి తెచ్చును. లేనియెడల జొన్న రొట్టె ఆరాధన నాటికి గట్టిపడును. 1 కొరింథీయులకు 10:17 చదివి, అందరి యెదుట చేతితో విరుచుచున్నాము. మొదటి నెలలలో వంతు ఎవరిదో చూచి బల్లయొద్దకు వచ్చువారు, రానివారు ఉండిరి. ఇప్పుడు రెండు కుటుంబములు మాత్రము రాకున్నవి. వారి వంతును చీటీనుండి మేము కొట్టివేయలేదు. వచ్చు నెల వారిలో ఒక యింటి వంతు. పిండి ఆడించుకొనుడని కబురు పంపియున్నాము.