పిల్లల ఆటలో ఏం చూడాలి? స్వభావాన్ని ఎలా అంచనా వేయాలి?



“మా బాబు బాస్కెట్‌బాల్ బాగా ఆడుతున్నాడు సార్. ఇదే కెరీర్‌గా పెట్టుకోవచ్చా? లేక ఇంటర్ అయ్యేదాకా ఆట మాన్పించమంటారా?” వికారాబాద్‌లోనైనా, తాండూరులోనైనా పేరెంట్స్ మీటింగ్‌లో పీఈటీ సార్‌లు తరచూ వినే ప్రశ్న ఇది. ఒకపక్క ఎప్‌సెట్ కోచింగ్, మరోపక్క ఆట. తొందరపడి మాన్పించినా, తొందరపడి చదువు పక్కన పెట్టించినా నష్టపోయేది పిల్లలే. అందుకే నిర్ణయానికి ముందు ఏం గమనించాలో ఈ నెల తెలుసుకుందాం.

ఎత్తు ఒక్కటే చాలదు

మన ఊరి కోర్టులో ఆరడుగుల పిల్లాడు అందరికంటే ఎత్తుగా కనబడతాడు. హైదరాబాద్‌లో రాష్ట్ర జట్టు ఎంపికలకు వెళితే అంత ఎత్తున్న వాళ్లు చాలామందే ఉంటారు.

పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నాం సింగ్ సంగతి చూడండి. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. లూధియానా అకాడమీలో ఆడి, 2010లో శిక్షణ కోసం అమెరికా వెళ్లాడు. 2015 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మొత్తం 60 మందిని ఎంపిక చేయగా, 52వ ఆటగాడిగా డల్లాస్ మావెరిక్స్ అతన్ని తీసుకుంది. భారత్‌లో పుట్టి ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి ఆటగాడు అతనే. అయినా ఒక్క ఎన్‌బీఏ మ్యాచ్‌లోనూ ఆడే అవకాశం రాలేదు. అప్పటికే ఆట తీరు మారింది. బాగా ఎత్తున్న ఆటగాడు కూడా వేగంగా కదలాలి, దూరం నుంచి బాస్కెట్ వేయాలి. అక్కడిదాకా వెళ్లడమే చిన్న విషయం కాదు. కానీ ఎత్తు తలుపు తెరిపిస్తుందే తప్ప, లోపల నిలబెట్టేది ఆటే.

ఈ ఏడాది జట్టులో లేకపోతే అంతా అయిపోయినట్టు కాదు

1978లో అమెరికాలోని లేనీ హైస్కూల్ సీనియర్ జట్టులో మైకేల్ జోర్డాన్‌కు చోటు దొరకలేదు. అతనికంటే ఎత్తున్న క్లాస్‌మేట్‌ను తీసుకుని, జోర్డాన్‌ను జూనియర్ జట్టులో ఆడించారు. అతను ఆట మానలేదు, సాధన పెంచాడు. తర్వాత ఎత్తూ పెరిగాడు. 1984 ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో మూడో ఆటగాడిగా ఎంపికయ్యాడు. కొందరు పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు. పదిహేనేళ్లకు పొట్టిగా ఉన్నాడని ఆశ వదులుకోనక్కర్లేదు.

నెమ్మదస్తుడంటే పట్టుదల లేదని కాదు

ఇది మన తెలుగువాడి ఉదాహరణ, ఆట మాత్రం బ్యాడ్మింటన్. గుంటూరుకు చెందిన కిదాంబి శ్రీకాంత్ అన్న నందగోపాల్ బాటలో గోపీచంద్ అకాడమీలో చేరాడు. మాట తక్కువ, హడావుడి అసలే లేదు. మొదట్లో డబుల్స్ ఆడేవాడు. అతనిలో సింగిల్స్ ఆటగాడున్నాడని గోపీచంద్ గుర్తించి అటు మళ్లించారు. 2014 జూలైలో అనారోగ్యంతో శ్రీకాంత్ ఐసీయూ పాలయ్యాడు. అదే ఏడాది నవంబర్‌లో చైనా ఓపెన్ ఫైనల్లో లిన్ డాన్‌ను వాళ్ల సొంతగడ్డ మీదే ఓడించాడు. 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచాడు. 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు.

గట్టిగా అరిచేవాడికే కసి ఉంటుందని, మౌనంగా ఉండేవాడు బద్ధకస్తుడని మనం అనుకుంటాం. స్వభావం బయటపడేది గొంతులో కాదు, కష్టం వచ్చినప్పుడు చేసే పనిలో.

మ్యాచ్ చూసేటప్పుడు ఇవి గమనించండి

• తప్పు చేసిన తర్వాత: బంతి పోగొట్టుకున్న వెంటనే డిఫెన్స్‌కు పరిగెత్తాడా, లేక రిఫరీ వైపు చూస్తూ నిలబడిపోయాడా?
• బెంచీ మీద: తనను బయట కూర్చోబెట్టినప్పుడు జట్టును ఉత్సాహపరుస్తున్నాడా, ముఖం మాడ్చుకుంటున్నాడా?
• కోచ్ మందలించినప్పుడు: చెప్పిన మార్పు తర్వాతి వారం ఆటలో కనిపిస్తోందా?
• ఎదుటి జట్టు: బలహీనమైన జట్టు మీద 30 పాయింట్లు చేయడం కంటే, సీనియర్ల మీద ఎలా ఆడాడన్నదే ఎక్కువ చెబుతుంది.
• ఎవరూ చూడనప్పుడు: ఫ్రీ త్రో గీత బోర్డుకు 4.6 మీటర్ల దూరంలో ఉంటుంది. అడ్డుకునేవారు ఉండరు. రోజూ 50 వేసి, ఎన్ని పడ్డాయో నోట్‌బుక్‌లో తనే రాసుకోమనండి. మూడు నెలల తర్వాత ఆ లెక్కలో ఎదుగుదల, క్రమశిక్షణ రెండూ కనిపిస్తాయి.

ఒక్క మ్యాచ్ చూసి తీర్పు చెప్పకండి. పరీక్షల ఒత్తిడి, నిద్ర చాలకపోవడం, ఇంట్లో కోపతాపాలు కూడా ఆటలో కనిపిస్తాయి. “వీడికి కోపమెక్కువ”, “దీనికి భయం” అని ముద్ర వేస్తే పిల్లలు ఆ మాటే నిజమని నమ్ముతారు. పదహారేళ్ల స్వభావం ఇంకా పచ్చి మట్టే.

నిర్ణయం ఒక్కో ఏడాదికి

మన దేశంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లలో ఎక్కువమందికి ఆధారం లీగ్ కాంట్రాక్టులు కాదు. రైల్వే, సర్వీసెస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్ వంటి జట్లలో ఆడుతూ చేసే ఉద్యోగాలే. ఆ ఉద్యోగాలకూ చదువు కావాలి. కాబట్టి ఆటా, చదువా అని పోటీ పెట్టకండి. ఒక్కో ఏడాదికి ఒక్కో లక్ష్యం పెట్టుకోండి: ఈ ఏడాది జిల్లా జట్టు, వచ్చే ఏడాది రాష్ట్ర ఎంపికలు. ఏడాది చివర పీఈటీ సార్‌తో పాటు, మీ పిల్లల్ని ముందు చూడని మరో కోచ్ అభిప్రాయం కూడా తీసుకోండి. తాండూరు నుంచి హైదరాబాద్‌కు రోజూ పంపాలా, హాస్టల్లో చేర్చాలా అన్నది ఆ తర్వాతి మాట.

ఈ నెల మ్యాచ్‌కు రండి. ఇంటికి వెళ్లే దారిలో “ఎన్ని పాయింట్లు?” అని కాకుండా, “ఈ రోజు కొత్తగా ఏం నేర్చుకున్నావు?” అని అడిగి చూడండి. ఆ జవాబులో మీ పిల్లల గురించి స్కోరుబోర్డు చెప్పని సంగతులు తెలుస్తాయి.