ఒక వర్ణము – రెండు సంకేతములు: బటక్ లిపియందలి తకారము

వర్ణము వేఱు, లిపి వేఱు అను వివేకము వ్యాకరణశాస్త్రమునకు చిరపరిచితము. చెవికి గోచరించునది వర్ణము. కంటికి గోచరించు దాని గుర్తు లిపి. కంప్యూటరునందు అక్షరములకు సంఖ్యలు కేటాయించునపుడు ఈ వివేకమెంత అవసరమో బటక్ లిపివలన తెలియుచున్నది.

ఉత్తర సుమత్రాయందు టోబా సరస్సు పరిసరములలో నివసించు బటక్ జనులలో టోబా, కరో, మండైలింగ్, పాక్‌పాక్, సిమలుంగున్ మొదలగు శాఖలు గలవు. వారి లిపి బ్రాహ్మీసంతతిలోనిది. ‘దాతు’ అనబడు వైద్యపురోహితులు చెట్టుబెరడును మడతలుగా పేర్చి దానిపై వ్రాసిన గ్రంథములకు టోబా భాషలో ‘పుస్తహ’ అని పేరు. ఇది సంస్కృత ‘పుస్తక’ శబ్దమే; కకారము హకారమైనది.

యూనికోడ్ అను అంతర్జాతీయ పద్ధతియందు ప్రతి అక్షరమునకు ఒక సంఖ్య నియతము. తెలుగు తకారమునకు దశాంశగణనలో 3108. బటక్ లిపిని చేర్చుటకు మైకేల్ ఎవర్సన్, ఉలి కొజోక్ అనువారు 2008లో ప్రతిపాదన సమర్పించిరి. 2010లో వెలువడిన 6.0 కూర్పునందు ఆ లిపి 56 సంకేతములతో స్థానము పొందినది. అందు తకారమునకు రెండు స్థానములు గలవు: ‘దక్షిణ తకారము’ 7126, ‘ఉత్తర తకారము’ 7127. ధ్వని ఒక్కటే, ఆకృతులు రెండు.

ధ్వని ఒక్కటియైనపుడు సంఖ్యలు రెండేల అని పూర్వపక్షము. దీనికి సమాధానము హకారమునందే గలదు. 7106 సంఖ్యగల అక్షరమును టోబావారు హకారముగను, కరోవారు కకారముగను పఠింతురు. ధ్వనులు రెండైనను సంకేతము ఒక్కటే. కావున సంకేతము ధ్వనికి గాక లిపిరూపమునకు చెందినదని తేలుచున్నది. అట్లని ప్రతి లేఖకుని చేవ్రాతకును వేఱు సంఖ్య లేదు. సంప్రదాయము వేఱుగా గుర్తించిన రూపమునకే గలదు.

ఇందు లాభమును గలదు, నష్టమును గలదు. ప్రతియందు ఏ తకారమున్నదో, అది ఆ ప్రతి పుట్టిన ప్రాంతమును నిర్ణయించుటకు ఒక ఆధారము. రెండింటిని ఒక్క సంఖ్యగా కలిపివ్రాసినచో ఆ ఆధారము నశించును. కాని యంత్రము సంఖ్యలనే పోల్చును గనుక, ఒక తకారముతో వెదకిన పదము రెండవ తకారముతో వ్రాసిన ప్రతియందు దొరకదు.

ఈ చిక్కునకు పరిష్కారమార్గము పాణినీయమునందు కానవచ్చును. అకారమును గ్రహించినపుడు దాని 18 భేదములును సవర్ణములుగా గ్రహింపబడును. నియతకాలము గలదానినే గ్రహింపవలసినచో తపరకరణము చేయబడును. భేదములు నశింపవు, కార్యమునుబట్టి కలుపుటయు వేఱుచేయుటయు జరుగును. అట్లే ప్రతిని ఎక్కించునపుడు రెండు తకారములను ఉన్నవున్నట్లు నిలుపవలెను. వెదకునపుడు సవర్ణములుగా భావింపవలెను.

తెలుగు తాళపత్రప్రతుల పరిష్కర్తలకును ఇది ఉపాదేయము. రేఫ శకటరేఫముల ఉచ్చారణభేదము నేటి వ్యవహారమున లేకున్నను, సంకేతములు 3120, 3121 అని వేఱుగానే యున్నవి. లేఖకుడు ‘ఱ’ వ్రాసినచోట ‘ర’ ఎక్కించినచో యతిప్రాసల విచారమునకు, ప్రతుల తారతమ్యపరీక్షకు సాధనము కొంత తొలగిపోవును. మూలపాఠమున భేదమును పాటించి, పదసూచికయందు అభేదమును కల్పించుటయే యుక్తము.