పెనుగొలను అను పేరులోని నీటిపాఠము

వ్యాకరణము చదివిన విద్యార్థులు పెనుగొలను అను గ్రామనామమును సులభముగా విడదీయగలరు. పెను అనగా పెద్ద. కొలను అనగా జలాశయము. రెండు పదములును కలిసినపుడు కకారము గకారమైనది. తెలుగుదేశమున చెరువు, కుంట, మడుగు, వాగు అను మాటలతో ముగియు ఊరిపేర్లు లెక్కకు మిక్కిలి. నీరు నిలుచుచోటనే ఊరు నిలుచునని పెద్దలు ఎరిగియుండిరనుటకు ఆ పేర్లే సాక్ష్యము. నీరు ఎచ్చట నిలుచును? ఎందువలన నిలువకపోవును? ఈ రెండు ప్రశ్నలను ఆలోచించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట నదీపరీవాహక ప్రదేశమనగా నేమో తెలిసికొందము. పెంకుటింటిపై వాన కురిసినపుడు, ఇంటి వెన్నుకు ముందుప్రక్క పడిన నీరు ముందుచూరునుండియు, వెనుకప్రక్క పడిన నీరు వెనుకచూరునుండియు జారును. భూమియు నట్టిదే. మెరకలు ఇంటివెన్నువలె నీటిని విభజించును. ఒక నదికి నీరు చేర్చు భూమియంతయు ఆ నదికి పరీవాహక ప్రదేశము. గంపలగూడెము మండలమున పారు కట్టలేటి నీరు వైరా, మున్నేరుల మూలమున కృష్ణను చేరుచున్నది. మనకు దక్షిణమున మైలవరము కొండలలో పుట్టిన బుడమేరు సహజముగా కొల్లేటికి పోవును. కృష్ణ మహాబలేశ్వరమువద్ద పుట్టి సుమారు 1,400 కిలోమీటరులు ప్రవహించి సముద్రమున కలియుచున్నది. దాని పరీవాహక ప్రదేశము సుమారు 2,59,000 చదరపు కిలోమీటరులు. మన పొలముగట్టుపై పడిన చినుకును ఆ లెక్కలోనిదే.

ఇక వాన లెక్క చూతము. ఒక యెకరమునకు 4,047 చదరపు మీటరులు. దానిపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో 40,000 లీటరులకు మించిన నీరు పడును. మన ప్రాంతమున ఏటికి సుమారు 100 సెంటీమీటరుల వాన కురియును. అనగా ఒక్క యెకరముపై ఏటికి 40 లక్షల లీటరులు. 2019వ సంవత్సరమున ఆరంభమైన జలజీవన్ మిషన్, పల్లెలలో మనిషికి దినమునకు 55 లీటరుల నీరు అందవలెనని నిర్ణయించినది. ఆ చొప్పున ఐదుగురున్న కుటుంబమునకు ఏటికి ఒక లక్ష లీటరులు చాలును. కావున ఒక యెకరముపై పడిన వాన నలువది కుటుంబముల యింటి వాడుకకు ఏడాదిపాటు సరిపోవలెను. అట్లయ్యును వేసవి వచ్చుసరికి బావులు ఎండుటయేల?

పడిన చినుకునకు మూడు దారులు గలవు. కొంత ఆవిరియై ఆకాశమునకు మరలును. చెట్లు ఆకులద్వారా విడుచు నీరును ఇందులోనిదే. కొంత నేలలోనికి ఇంకి బావులను ఊటలను పోషించును. మిగిలినది నేలపై పారి వాగులలో పడును. ఏ దారిని ఎంత పోవునో నిర్ణయించుటలో భూమికి గొప్ప పాత్ర కలదు. రాలిన ఆకులతోను గడ్డితోను కప్పబడిన నేల చినుకుదెబ్బను మెత్తగా ఓర్చుకొనును; వేళ్లు చేసిన సందులద్వారా నీరు లోనికి దిగును. బోడినేలపై చినుకు నేరుగా తగిలి మట్టిని చెదరగొట్టును. సన్నని మట్టి రంధ్రములను మూసివేయగా నీరు ఇంకక పరుగెత్తును. పోవుచు మట్టినికూడ కొనిపోయి దిగువ చెరువులో పూడికగా వేయును. చెట్లును నీరు త్రాగుననుట నిజమే. దట్టముగా చెట్లు నాటినచోట వాగులోని మొత్తము నీరు తగ్గుటయు కలదు. కాని వరదవేగము తగ్గించి, కొండవాలున మట్టిని నిలుపుటలో చెట్టునకు సాటి లేదు.

పూర్వులు ఈ సత్యమును ఎరిగి పనిచేసిరి. మన కట్టలేటి నీరు చేరు మున్నేరు వరంగల్లు సీమలోని పాకాల చెరువు ప్రాంతమున పుట్టుచున్నది. కాకతీయ గణపతిదేవుని కాలమున, క్రీ.శ. 1213 ప్రాంతమున, ఆ చెరువును కొండల నడుమ కట్టవేసి నిర్మించిరి. ఎనిమిది వందల యేండ్లు గడచినను అది నేటికిని నీరు పట్టుచున్నది. దాని చుట్టును అడవి కలదు. ఇందువలన మనము నేర్వవలసినదేమన, కట్టయొక్కటే చెరువు కాదు. కట్ట, తూము, అలుగు, నీరు తెచ్చు వాగు, ఆ వాగునకు పైనున్న భూమి, ఇవన్నియు కలిసియే చెరువు. వీనిలో ఏది చెడినను చెరువు చెడును.

భూమి వినియోగము మారినపుడు ఏమగునో తెలియుటకు కొల్లేరు మంచి దృష్టాంతము. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ మంచినీటి సరస్సు బుడమేరు, తమ్మిలేరు మొదలగువాని వరదను తనలో నిలిపికొని, ఉప్పుటేటి మూలమున మెల్లగా సముద్రమునకు విడుచును. 1999లో ప్రభుత్వము దీనిలో 308 చదరపు కిలోమీటరులను పక్షుల అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రాంసర్ ఒప్పందముక్రింద దీనికి అంతర్జాతీయ ప్రాధాన్యము లభించినది. అయినను సరస్సులో చేపలచెరువుల గట్లు విస్తారముగా వెలసెను. 2006లో ప్రభుత్వము వానిలో పెక్కింటిని తొలగింపవలసివచ్చినది. చేపలపై జీవించు కుటుంబములు వేలకొలది యున్నందున ఈ చిక్కు సులభమైనది కాదు. కాని నీటిచోటును మనము తీసికొనినచో నీరు మన చోటును తీసికొనును. 2024 సెప్టెంబరు 1వ తేదీన బుడమేటికి గండ్లుపడి విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్ మొదలగు పేటలు దినములతరబడి మునిగియుండెను. ఏటిదారి కట్టడములతో ఇరుకగుటయు ఆ కష్టమునకు ఒక కారణము.

ఇది భూమి సంగతి. ఆకాశము సంగతియు మారుచున్నది. బొగ్గు, పెట్రోలు మొదలగువానిని కాల్చుటవలన గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగి భూమి వేడెక్కుచున్నది. 1850-1900 నాటితో పోల్చగా 2011-2020 దశకమున భూతలము సుమారు 1.1 సెంటిగ్రేడు డిగ్రీలు వేడెక్కినట్లు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. గాలి ఒక డిగ్రీ వేడెక్కినచో సుమారు నూటికి 7 పాళ్లు ఎక్కువ ఆవిరిని పట్టుకొనగలదు. అందువలన వాన కురిసినపుడు కుండపోతగా కురియుటకును, కురియనపుడు నేలతడి త్వరగా ఆరిపోవుటకును అవకాశము హెచ్చినది. ఒక్క వరదను చూచి ఇది కేవలము వాతావరణపు మార్పువలననే వచ్చినదని నిశ్చయింపరాదు. కాని రెండు సంవత్సరములను ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. 2023లో కృష్ణకు ఎగువనుండి వచ్చిన నీరు మిక్కిలి తక్కువ. మరుసటి యేడు, 2024 సెప్టెంబరు 2వ తేదీన, ఎగువ వరదకు మున్నేరు మొదలగు ఉపనదుల వరద తోడై ప్రకాశము బ్యారేజిని దాటిన ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులు. ఇది 2009 అక్టోబరునాటి మహాప్రవాహమునకంటెను అధికము.

“మనకు సాగరుకాలువ కలదు కదా, చెరువుతో పనియేమి?” అని కొందరు అడుగవచ్చును. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన శంకుస్థాపన జరిగినది; 1967లో కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము సీమలను దాటి మన తిరువూరు ప్రాంతమునకు వచ్చును. మనము దాని చివరనున్నవారము. పైన నీరు తగ్గినపుడు మొదట ఎండునది చివరిభూమియే. మరియు కృష్ణజలముల పంపకము గతకాలపు ప్రవాహములను లెక్కించి చేసినది. 1973లో బచావత్ న్యాయమండలి 78 సంవత్సరముల లెక్కలు చూచి, నాలుగేండ్లలో మూడేండ్లు తప్పక లభించునది 2,060 టి.యం.సి.లని నిర్ణయించినది. ఒక టి.యం.సి. యనగా వంద కోట్ల ఘనపుటడుగులు. 1960కి పూర్వము కృష్ణ ఏటికి సగటున 2,000 టి.యం.సి.ల ప్రాంతము సముద్రమునకు చేర్చుచుండెను. జలాశయములు, కాలువలు, బావులు పెరిగిన పిమ్మట, 2003, 2004 కరవుకాలమున, సముద్రమును చేరినది దాదాపు శూన్యము. నది చివర మంచినీరు తగ్గినచో ఉప్పునీరు లోనికి వచ్చును. కావున దూరపు నీరు మనకు సాయమేగాని, ఇంటియొద్ద కురిసిన నీటికి బదులు కాదు.

విద్యార్థులారా! ఈ సంగతులను మీరే పరీక్షించి చూడవచ్చును. రెండు రేకుపళ్లెములలో మట్టి నింపి ఒకే వాలుగా నుంచుడు. ఒకదానిపై గడ్డిపెల్లలు పరచుడు. రెండవదానిని బోడిగా విడువుడు. రెండింటిపైనను ఒకే కొలత నీటిని జల్లుడు. దిగువకు జారిన నీటిని రెండు గాజుగ్లాసులలో పట్టి, ఎంత జారినదో, ఎంత మట్టి కొట్టుకొనివచ్చినదో పోల్చుడు. పిమ్మట ప్రతినెల మొదటి దినమున మీ వీధిబావిలో నీటిమట్టమును పెద్దల సమక్షమున ముళ్లువేసిన త్రాటితో కొలిచి పుస్తకమున వ్రాయుడు. ప్రక్కనే ఆ నెలలో కురిసిన వానను వ్రాయుడు. మూడేండ్లు ఇట్లు వ్రాసినచో, మీ వీధి నీటిచరిత్ర మీ చేతిలోనే యుండును.

తల్లిదండ్రులకును ఒక విన్నపము. 2002లో మన రాష్ట్రమున వచ్చిన చట్టమునకు నీరు, భూమి, వృక్షముల చట్టమని పేరు. ఈ మూడును వేర్వేరు కావని ఆ పేరే చెప్పుచున్నది. 2015లో తెలంగాణమున మిషన్ కాకతీయ పేరిట 46 వేలకు పైగా చెరువుల పూడిక తీయ సంకల్పించిరి. కాని పైభూమి బోడిగానున్నంతకాలము తీసిన పూడిక మరల వచ్చును. చెరువునకు నీరు తెచ్చు వాగును దున్నకుండుట, పొలముగట్టు తెగకుండ కాచుట, వాలుభూమిని అడ్డముగా దున్నుట, బోరుబావి ప్రక్కన ఇంకుడుగుంట త్రవ్వుట, ఇవి ఎవరి అనుమతికొరకును ఎదురుచూడనక్కరలేని పనులు. తొలకరికి ముందు ఒక ఆదివారము ఊరివారు కలిసి చెరువువాగు వెంట పైవరకు నడచి, నీరు ఎచ్చట తప్పిపోవుచున్నదో చూచిరావలెను. ఆ నడకకు పిల్లలనుకూడ వెంటబెట్టుకొని పోవుడు.

ప్రశ్నలు: 1. మీ ఇంటికప్పుపై ఒక సెంటీమీటరు వాన కురిసినచో ఎన్ని లీటరుల నీరు లభించును? 2. మీ బడి ఆవరణమున పడిన వాన ఏ వాగున చేరి, ఏ నదికి పోవును? 3. మీ ఊరి చెరువుకట్టపై నిలిచి చూచినచో, నీరు వచ్చు భూమిలో ఎంత భాగము పచ్చగా కనబడుచున్నది?